జూలియస్ సీజర్ సొంత పేరేమిటి?

జూలియస్ సీజర్ గురించి వినని వాళ్ళు మనలో దాదాపు ఉండరు. స్కూలు పాఠంలోనో, ఏదో నాటకంలోనో, ఎక్కడో ఒకచోట తగిలే ఉంటాడు. అయితే ఆ రెండు మాటల్లో ఆయన సొంత పేరు లేదు. ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరు గాయస్. జూలియస్ అనేది వంశం పేరు. సీజర్ అనేది ఆ వంశంలో ఒక శాఖ పేరు. అంటే లోకమంతా ఆయన్ని రెండు ఇంటిపేర్లు కలిపి పిలుస్తోంది, అసలు పేరు వదిలేసి.

పోనీ గాయస్ అని పిలుద్దామా అంటే, ఆయన తండ్రి పేరు కూడా గాయస్ జూలియస్ సీజరే. తాత పేరూ అదే. అక్కచెల్లెళ్ళు ఇద్దరుంటే ఇద్దరూ జూలియాలే. మేనత్త జూలియా, కూతురు జూలియా. రోమ్ చరిత్ర మొదటిసారి చదివినప్పుడు నేను పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకుని వంశవృక్షాలు గీసుకున్నాను. నాలుగు పేజీలు తిరిగేసరికి, స్కిపియో అన్న పేరుతో వచ్చే అంతమందిలో ఎవరు ఎవరో తెలియక మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి. తర్వాత అర్థమైంది, తప్పు నా జ్ఞాపకశక్తిది కాదు, నేను ఆ పేర్లను చూస్తున్న తీరుది.

రోమన్ పేరు కనబడగానే మనం దాన్ని ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గళ్ళలో పడేస్తాం. ఆ గళ్ళు రోమ్‌వి కావు. ఈ బాధ తెలుగువాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక రాసుకునే మనం విదేశీ ఫారాల్లో ఆ గళ్ళు నింపబోయి ఎంత ఇబ్బంది పడతామో, ఇంటిపేరే ఫస్ట్ నేమ్ అయిపోయి ఆఫీసులో అందరూ దానితోనే పిలవడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చాలామందికి అనుభవమే. మన పేరును ఆ గళ్ళు ఎలా పాడు చేస్తాయో, రోమన్ పేరునూ అలాగే పాడు చేస్తాయి. గళ్ళు పక్కన పెట్టి, ఒక్కో ముక్క దగ్గర ఆగి, "ఇది ఎవరిచ్చారు? ఎవరికి చూపించడానికి ఉంది?" అని అడిగితే ముడి విడిపోతుంది.

లాటిన్‌లో పేరును నోమెన్ అంటారు. మన భాషలోకి సంస్కృతం నుంచి వచ్చిన "నామం"కు ఇది తోబుట్టువు. రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి పుట్టాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఉత్తి "పేరు" అన్న మాటను రోమన్లు మనిషి సొంత పేరుకు వాడలేదు, వంశం పేరుకు వాడారు. జూలియస్, కార్నీలియస్, టుల్లియస్, క్లాడియస్: వీటికే నోమెన్ అని పేరు. దానికి ముందుండేది ప్రీనోమెన్, అంటే ముందు పేరు. దానికి తోడుగా వెనక వచ్చేది కాగ్నోమెన్, అంటే తోడు పేరు. వంశమే నట్టిల్లు, మిగతావి దాని చుట్టూ కట్టిన వసారాలు. ఈ మూడూ కలిపి ట్రియా నోమినా, మూడు పేర్లు. క్రీ.శ. 1వ, 2వ శతాబ్దాల నాటి కవి జువెనల్ ఒకచోట "నీకేదో మూడు పేర్లున్నట్టు" అంటాడు, అంటే నువ్వేదో స్వేచ్ఛగా పుట్టిన పౌరుడివైనట్టు అని. మూడు పేర్లుండటమే హోదా.

ముందు పేరు సంగతి

మగపిల్లాడికి తొమ్మిదో రోజు, ఆడపిల్లకు ఎనిమిదో రోజు శుద్ధి చేసి పేరు పెట్టేవారు. మగపిల్లాడికి ఆ రోజు వచ్చేదే ప్రీనోమెన్. ఇక్కడ మన బారసాలకూ వాళ్ళ వేడుకకూ పెద్ద తేడా ఉంది. మనం నక్షత్రం చూసి, అక్షరం చూసి, కొత్త పేరు కోసం నెలల తరబడి వెతుకుతాం. రోమన్ తండ్రికి ఆ బెంగే లేదు. చక్రవర్తులు రాకముందు, రోమన్ గణతంత్రం చివరి రోజుల్లో మామూలు వాడుకలో ఉన్న ప్రీనోమెన్‌లు మొత్తం పద్దెనిమిదికి అటూ ఇటూ, అంతే. గాయస్, లూసియస్, మార్కస్, పబ్లియస్, క్వింటస్, టైటస్ లాంటి కొద్ది పేర్లే ఊరంతా. పెద్ద కొడుక్కి సాధారణంగా తండ్రి పేరే.

ఇంత తక్కువ పేర్లు కాబట్టే వాటిని పూర్తిగా రాసేవారు కాదు, ఒకటి రెండు అక్షరాలు సరిపోయేవి. ఎమ్ అంటే మార్కస్, ఎల్ అంటే లూసియస్, క్యూ అంటే క్వింటస్, సెక్స్ అంటే సెక్స్టస్. గాయస్‌కు మాత్రం జి కాదు, సి రాస్తారు. మొదట్లో లాటిన్ లిపిలో క, గ శబ్దాలు రెంటికీ సి ఒక్కటే అక్షరం. జి అక్షరం క్రీ.పూ. 3వ శతాబ్దంలో వచ్చింది. అక్షరం కొత్తదొచ్చినా పేరుకు రాసే గుర్తు పాతదే మిగిలిపోయింది.

క్వింటస్, సెక్స్టస్, డెసిమస్ అంటే ఐదోవాడు, ఆరోవాడు, పదోవాడు. సెక్స్టస్‌లో మన "షష్ఠ", డెసిమస్‌లో మన "దశమ" వినబడుతున్నాయి కదూ? ఇవీ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే. అయితే చరిత్ర కాలానికి వచ్చేసరికి క్వింటస్ ఐదో కొడుకే అయ్యుండాలన్న నియమమేమీ లేదు.

పేర్లు తక్కువైనా, ఏ వంశానికి ఏ పేరు అన్నది మాత్రం పట్టింపుగా ఉండేది. క్లాడియస్ వంశం వాళ్ళు లూసియస్ పేరును వెలివేశారు. ఆ పేరున్న ఇద్దరిలో ఒకడు దోపిడీ నేరంలో, ఇంకొకడు హత్యానేరంలో దోషులుగా తేలారట. మాన్లియస్ వంశంలో మార్కస్ మాన్లియస్ రాజు కావాలని చూశాడన్న నేరం మీద క్రీ.పూ. 384లో మరణశిక్ష పడింది. ఆ తర్వాత ఆ వంశంలో మార్కస్ అని ఎవరికీ పెట్టకూడదని నిర్ణయించుకున్నారు. క్రీ.పూ. 30లో సీజర్ అనుచరుడు మార్క్ ఆంటోనీ ఓడిపోయాక సెనేట్, అంటే రోమ్ పెద్దల సభ, ఇంకో అడుగు ముందుకేసి, ఆంటోనియస్ వంశంలో ఎవరూ మార్కస్ పేరు పెట్టుకోరాదని తీర్మానమే చేసింది. మనిషి చచ్చిపోయాక అతని ముందు పేరు మీద తీర్పు చెప్పడమంటే, ఆ చిన్న మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది.

వంశం, శాఖ, బిరుదు

నోమెన్ మన ఇంటిపేరు లాంటిదా, గోత్రం లాంటిదా అని అడిగితే రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుందని చెప్పాలి. వంశాన్ని జెన్స్ అనేవారు. కార్నీలియస్ జెన్స్ ఒక్కదాన్లోనే స్కిపియోలు, సుల్లాలు, లెంటులస్‌లు, డోలబెల్లాలు అని ఎన్నో ఇళ్ళు. వీళ్ళంతా కార్నీలియస్‌లే, కానీ స్కిపియో ఇంటికీ సుల్లా ఇంటికీ రోజువారీ చుట్టరికమేమీ అక్కర్లేదు. గోత్రంలా విశాలం, ఇంటిపేరులా రోజూ పేరులో కనిపించేది.

రక్తసంబంధం ఉండాలని కూడా లేదు. బానిసను విడుదల చేస్తే అతను యజమాని వంశం పేరు తీసుకుంటాడు. నియంత సుల్లా తన శత్రువుల బానిసల్లో పదివేల మందికి పైగా విడిపించి పౌరులను చేశాడు. వాళ్ళందరూ ఒక్కసారిగా కార్నీలియస్‌లు అయిపోయారు. కాబట్టి ఏ రోమన్ శాసనంలోనైనా కార్నీలియస్ అని కనబడగానే గొప్ప కుటుంబం మనిషని అనుకోకూడదు.

ఇంత పెద్ద వంశాల్లో, ఇన్ని తక్కువ ముందు పేర్లతో, ఎవరు ఎవరో తెలియాలంటే ఏం చేస్తారు? మన పల్లెల్లో ఒకే పేరున్న ముగ్గురుంటే ఏం చేస్తామో అదే చేశారు. పొట్టోడు, మెల్లకన్నోడు, బట్టతలోడు. కాగ్నోమెన్ పుట్టుక అక్కడే. నాసో అంటే పెద్ద ముక్కువాడు, స్ట్రాబో అంటే మెల్లకన్నువాడు, కాల్వస్ అంటే బట్టతల, బాల్బస్ అంటే నత్తి, క్రాసస్ అంటే లావుపాటి మనిషి, బ్రూటస్ అంటే మందబుద్ధి. ఎవడో ముత్తాతకు పడ్డ ఎకసెక్కం పేరు తరాలు మారేసరికి గౌరవప్రదమైన కుటుంబం పేరై కూర్చుంది.

రోమ్‌లో పేరుమోసిన వక్త, రాజకీయ నాయకుడు సిసిరోనే తీసుకోండి. సిసిరో అంటే శనగ. సిసెర్ అన్నది శనగకు లాటిన్ మాట. వాళ్ళ పూర్వీకుల్లో ఒకరి ముక్కు కొసన శనగగింజ లాంటి గాటు ఉండేదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. సిసిరో రాజకీయాల్లోకి వస్తుంటే స్నేహితులు ఆ పేరు బాగాలేదు, మార్చుకోమన్నారట. ఆ పేరునే గొప్ప కుటుంబాల పేర్లను మించేట్టు చేస్తానన్నాడట ఆయన. తర్వాత సిసిలీలో క్వెస్టర్‌గా, అంటే ఖజానా లెక్కలు చూసే అధికారిగా పనిచేస్తూ దేవుళ్ళకు ఒక వెండి వస్తువు సమర్పించినప్పుడు, దానిమీద మార్కస్, టుల్లియస్ అని అక్షరాలతో చెక్కించి, మూడో పేరు ఉండాల్సిన చోట శనగగింజ బొమ్మ చెక్కమన్నాడు. ఈ కథ నాకు ఎప్పుడు చదివినా సంతోషంగా ఉంటుంది. దాచుకోమన్న దాన్నే వెండి మీదకు ఎక్కించాడు.

సీజర్ అన్న కాగ్నోమెన్ మాత్రం అంత తేలిగ్గా తెమలదు. ఒత్తయిన జుట్టు అని ఒకరు, ఏనుగును చంపినవాడని ఇంకొకరు చెప్పారు. తల్లి కడుపు కోసి తీసిన బిడ్డ నుంచి ఆ పేరు మొదలైందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మన ఆసుపత్రుల్లో రోజూ వినబడే "సిజేరియన్" అన్న మాటను జనం ఈ కథతోనే ముడిపెడతారు. మనకు తెలిసిన సీజర్ మాత్రం ఆపరేషన్‌తో పుట్టి ఉండటానికి అవకాశం లేదనే చెప్పాలి. ఆ కాలంలో కడుపు కోశాక తల్లి బతకడం జరిగేపని కాదు. ఆయన తల్లి ఆరేలియా కొడుకు గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాలు చేస్తున్న క్రీ.పూ. 54 దాకా బతికే ఉంది. ప్లినీ చెప్పింది కూడా మొదటి సీజర్ గురించి, ఈ సీజర్ గురించి కాదు.

అందరికీ కాగ్నోమెన్ ఉండేది కాదన్నది చాలామంది మర్చిపోయే విషయం. ఏడుసార్లు కాన్సుల్, అంటే ఏడాదికోసారి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి, అయిన గాయస్ మేరియస్‌కు మూడో పేరు లేదు. మార్కస్ ఆంటోనియస్‌కూ, అంటే మార్క్ ఆంటోనీకీ లేదు. ప్రభుత్వ పత్రాల్లో కాగ్నోమెన్ కనబడటం క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో గానీ మొదలవలేదు. "మూడు పేర్ల పద్ధతి" అనగానే అది రోమ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమమని అనుకుంటాం. నిజానికి అది మెల్లగా పెరిగి, కొన్ని వందల ఏళ్ళు నిలిచి, మెల్లగా కరిగిపోయిన అలవాటు.

నాలుగో మాట ఆగ్నోమెన్ గురించి ఒక హెచ్చరిక. యుద్ధంలో గెలిచినందుకు వచ్చే బిరుదు ఆగ్నోమెన్ అని పుస్తకాల్లో చదువుకుంటాం. క్రీ.పూ. 202లో ఉత్తర ఆఫ్రికాలోని జామా దగ్గర కార్తేజ్ సేనాని హానిబాల్‌ను ఓడించిన పబ్లియస్ కార్నీలియస్ స్కిపియోకు ఆఫ్రికానస్ అన్న పేరు వచ్చింది. జయించిన దేశం పేరుతో ప్రసిద్ధి పొందిన మొదటి సేనాని ఆయనేనని చరిత్రకారుడు లివీ రాశాడు. అయితే ఆగ్నోమెన్ అన్న పదం స్కిపియోకు గానీ, సిసిరోకు గానీ తెలియదు. అది క్రీ.శ. 4వ శతాబ్దపు వ్యాకరణ పండితులు వర్గీకరణ కోసం తెచ్చిన మాట. అంతకుముందు వాళ్ళకు అదీ కాగ్నోమెనే. ప్రతి రోమన్‌కూ నాలుగు గళ్ళు గీసి నింపబోయే వాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం తికమక తగ్గుతుంది.

రాతి మీద చదవడం

రోమ్‌లో పాంథియన్ గుడి ముందు భాగాన పెద్ద పెద్ద అక్షరాలతో ఒక శాసనం ఉంది: ఎమ్. అగ్రిప్ప, ఎల్. ఎఫ్., కాస్. టెర్టియుమ్, ఫేకిట్. ఎమ్ అంటే మార్కస్. ఎల్. ఎఫ్. అంటే లూసీ ఫిలియస్, లూసియస్ కొడుకు. మూడోసారి కాన్సుల్‌గా ఉండగా కట్టించాడు అని అర్థం. ఆ మూడోసారి క్రీ.పూ. 27. ఇప్పుడున్న కట్టడం హాడ్రియన్ చక్రవర్తి కాలం నాటిది, పాత శాసనపు మాటలు మాత్రం అలాగే ఉంచారు.

ఇప్పుడు ఇందులో ఏం లేదో చూడండి. ముందు పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, కాగ్నోమెన్ ఉంది. వంశం పేరు లేదు. ఆగస్టస్ చక్రవర్తి సేనాని అయిన ఈ అగ్రిప్ప వంశం విప్సానియస్. పెద్దగా ఎవరికీ తెలియని వంశం. అందుకే ఆయన దాన్ని వాడటం మానేశాడని రోమన్ రచయిత పెద్ద సెనెకా రాశాడు. రోమన్ పేరులో ఉన్న ముక్క ఎంత చెబుతుందో, లేని ముక్క కూడా అంతే చెబుతుంది.

పౌరుడి పూర్తి పేరు ఇంకా పొడుగు. సిసిరో పేరు పద్ధతి ప్రకారం రాస్తే: ఎమ్. టుల్లియస్, ఎమ్. ఎఫ్., ఎమ్. ఎన్., కార్., సిసిరో. మార్కస్ టుల్లియస్, మార్కస్ కొడుకు, మార్కస్ మనవడు, కార్నీలియా ట్రైబ్‌కు చెందినవాడు, సిసిరో. ఆ "కార్." చూసి చాలామంది పొరపాటు పడతారు. అది కార్నీలియస్ వంశం కాదు, ఓటు వేసే విభాగం పేరు. రోమన్ పౌరులను 35 ట్రైబ్‌లుగా విడదీశారు, ప్రతి పౌరుడూ ఏదో ఒక దాన్లో నమోదై ఉండాలి. ఓటరు జాబితాలో మన పేరు పక్కన తండ్రి పేరు, పోలింగ్ కేంద్రం ఉన్నట్టే ఇది. ఇటలీలోని హెరాక్లియా దగ్గర దొరికిన కంచు ఫలకం మీద క్రీ.పూ. 1వ శతాబ్దపు చట్టం ఒకటుంది. జనాభా లెక్కలో ఏమేం రాసుకోవాలో అందులో ఉంది: నోమెన్, ప్రీనోమెన్, తండ్రి లేక విడిపించిన యజమాని, ట్రైబ్, కాగ్నోమెన్. వయసు, ఆస్తి ఆ తర్వాత.

"తండ్రి లేక విడిపించిన యజమాని" అన్న దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బానిసకు చట్టం దృష్టిలో తండ్రి లేడు. అందుకే విడుదలైనవాడి పేరులో ఎఫ్ ఉండాల్సిన చోట ఎల్ ఉంటుంది, లిబెర్టస్, విముక్తుడు. సిసిరో దగ్గర రాయసగాడిగా ఉన్న టైరోకు క్రీ.పూ. 53లో విడుదల దొరికింది. అప్పటి నుంచి ఆయన మార్కస్ టుల్లియస్ టైరో. యజమాని ముందు పేరు, యజమాని వంశం పేరు, చివర తన బానిస పేరు. అన్నాళ్ళూ తనను పిలిచిన ఒకే ఒక్క మాట మూడో స్థానంలోకి జరిగింది. ఒక్క అక్షరం తేడాతో, ఎఫ్ బదులు ఎల్ తో, సమాధి రాయి మీద జీవితకథ మొత్తం తెలిసిపోతుంది.

ఒక ఇల్లు: ఎమీలియస్ పాలస్

సేనాని లూసియస్ ఎమీలియస్ పాలస్ ఇంట్లోకి వెళ్తే ఈ పేర్ల సంగతంతా ఒక్కచోటే కనబడుతుంది. లూసియస్ ముందు పేరు, ఎమీలియస్ వంశం, పాలస్ అంటే చిన్నవాడు. క్రీ.పూ. 168లో మాసిడోనియా రాజు పెర్సియస్‌ను పిడ్నా దగ్గర ఓడించాక మాసిడోనికస్ అన్న బిరుదూ చేరింది.

ఆ యుద్ధ బాధ్యత తనకు అప్పగించిన రోజు సాయంత్రం పాలస్ ఇంటికొచ్చాడు. చిన్న కూతురు టెర్టియాను ముద్దు పెట్టుకుంటుంటే పాప ముఖం దిగులుగా ఉంది. "ఏమ్మా టెర్టియా, ఎందుకలా ఉన్నావ్?" అన్నాడు. "నాన్నా, పెర్సా చచ్చిపోయింది" అంది. పెర్సా ఆ పాప కుక్కపిల్ల. తాను పెర్సియస్ మీదకే యుద్ధానికి వెళ్తున్నాడు కాబట్టి పాలస్ కూతుర్ని గట్టిగా దగ్గరకు తీసుకుని, ఇది మంచి శకునం తల్లీ అన్నాడట. సిసిరో రాసిన కథ ఇది.

శకునం సంగతి అలా ఉంచి పాప పేరు చూడండి. టెర్టియా అంటే మూడోది. ఆమె అసలు పేరు ఎమీలియా, వంశం పేరుకు స్త్రీలింగ రూపం. ఆ వంశంలో పుట్టిన ప్రతి ఆడపిల్లా ఎమీలియానే. ఇద్దరుంటే మేయర్, మైనర్, అంటే పెద్దది, చిన్నది. ఇంకా ఉంటే మూడోది, నాలుగోది. జూలియస్ ఇంట జూలియా, టుల్లియస్ ఇంట టుల్లియా. మార్క్ ఆంటోనీ కూతుళ్ళు ఇద్దరూ ఆంటోనియాలే, పెద్ద ఆంటోనియా, చిన్న ఆంటోనియా.

పాతకాలంలో స్త్రీలకూ ముందు పేర్లుండేవని వారో అనే పండితుడు రాశాడు. కానీ మనకు బాగా తెలిసిన కాలానికి అవి దాదాపు పోయాయి. ఇళ్ళలో ముద్దుపేర్లు ఉండే ఉంటాయి; సిసిరో తన ఉత్తరాల్లో కూతుర్ని టుల్లియోలా అంటాడు, మన "బుజ్జి టుల్లియా" లాగా. కాకపోతే సమాజం ముందు ఆమెకంటూ విడిగా ఒక పేరు ఇవ్వలేదు. నాకు రోమన్ పేర్లలో అన్నిటికన్నా మనసు కలతపెట్టేది ఇదే. అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. పెళ్ళయ్యాక రోమన్ స్త్రీ పేరు మారదు. సిసిరో భార్య టెరెన్షియా చివరి వరకూ టెరెన్షియానే. మన దగ్గర ఇంటిపేరు మారినట్టు అక్కడ మారేది కాదు, పుట్టింటి పేరే ఆమెకు జీవితాంతం ఉండేది.

పాలస్‌కు కొడుకులు నలుగురు. పెద్దవాళ్ళిద్దర్నీ వేరే గొప్ప ఇళ్ళకు దత్తత ఇచ్చాడు. దత్తత వెళ్ళినవాడు కొత్త తండ్రి పేరు మొత్తం తీసుకుని, పాత వంశం పేరుకు "-ఆనస్" చేర్చి వెనక పెట్టుకునేవాడు. అలా ఒకడు క్వింటస్ ఫాబియస్ మాక్సిమస్ ఎమీలియానస్ అయ్యాడు. ఇంకొకడు పబ్లియస్ కార్నీలియస్ స్కిపియో ఎమీలియానస్ అయ్యాడు. క్రీ.పూ. 146లో కార్తేజ్‌ను నేలమట్టం చేసినవాడు ఇతనే, కాబట్టి ఇతనికీ ఆఫ్రికానస్ అన్న పేరు వచ్చింది. నా తెల్ల కాగితం మీద కలగాపులగమైన స్కిపియోల్లో ఇతనొకడు.

మిగిలిన ఇద్దరు చిన్న కొడుకులూ తండ్రి పేరు నిలబెడతారని పాలస్ ఆశ. మాసిడోనియా విజయం తర్వాత క్రీ.పూ. 167లో రోమ్ వీధుల్లో ఆయన విజయయాత్ర జరిగింది. దానికి ఐదు రోజుల ముందు ఒక కొడుకు పోయాడు. యాత్ర అయిన మూడు రోజులకు రెండోవాడు పోయాడు. బతికున్న కొడుకులు ఇద్దరున్నారు, కానీ ఒకడు ఫాబియస్, ఒకడు స్కిపియో. ఆ ఇంట్లో ఎమీలియస్ పాలస్ అని పిలిపించుకోవడానికి ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. ఎమీలియానస్ అన్న ఆ చివరి ముక్కను ఏదో వ్యాకరణ ప్రత్యయంలా చదివేస్తాం. ఈ ఇంటి సంగతి తెలిశాక అలా చదవలేం.

స్త్రీల దగ్గరే ఇంకొక్క గుర్తు. విడుదల చేసిన యజమాని స్త్రీ అయితే శాసనంలో ఏం రాయాలి? ఆమెకు ప్రీనోమెన్ లేదు కదా. అందుకని గాయస్‌కు గుర్తైన సి అక్షరాన్ని తిరగేసి చెక్కేవారు. తిరగేసిన సి అంటే గాయా, అంటే ఎవరైనా ఒక స్త్రీ అని. దాని పక్కన ఎల్. విడుదలైన మనిషి తన ముందు పేరుగా ఆ స్త్రీ తండ్రి ప్రీనోమెన్ తీసుకునేవాడు. ఆస్తి ఆమెది, బానిస ఆమెవాడు, విడిపించింది ఆమె, రాతి మీద పేరు మాత్రం ఆమె తండ్రిది, ఆమె వంతుకు తిరగబడ్డ అక్షరం.

పేరే అధికారమైనప్పుడు

క్రీ.పూ. 63లో గాయస్ ఆక్టేవియస్ అనే పిల్లాడు పుట్టాడు. ఆక్టేవియస్‌లో ఎనిమిది ఉంది, మన "అష్ట" లాగే. క్రీ.పూ. 44లో సీజర్ హత్య తర్వాత వీలునామా తెరిస్తే, ఈ పిల్లాణ్ణి దత్తత తీసుకుంటున్నట్టు ఉంది. పద్ధతి ప్రకారం అతను గాయస్ జూలియస్ సీజర్ ఆక్టేవియానస్ కావాలి. చరిత్ర పుస్తకాలు ఆక్టేవియన్ అంటాయి. అతను మాత్రం ఆ చివరి ముక్కను వాడలేదు. గాయస్ జూలియస్ సీజర్ అనే పిలిపించుకున్నాడు, చనిపోయిన మనిషి పేరు ఉన్నదున్నట్టుగా. "ఓ కుర్రాడా, నీకున్నదంతా ఆ పేరు వల్లే వచ్చింది" అని ఆంటోనీ దెప్పిపొడిచాడు. ఆ మాట మనకు సిసిరో ఉపన్యాసంలో దొరుకుతుంది.

దాని తర్వాత ఆ పేరులో ఒక్కొక్క ముక్కా మారిపోయింది. గాయస్ పోయి ఆ స్థానంలో ఇంపరేటర్ వచ్చింది, సేనానికి సైనికులిచ్చే బిరుదు ముందు పేరైంది. జూలియస్ పోయి ఆ స్థానంలోకి సీజర్ వచ్చింది, శాఖ పేరు వంశం పేరైంది. తండ్రి పేరు దగ్గర "దేవుడి కొడుకు" అని చేరింది, ఎందుకంటే సీజర్‌ను దేవుడిగా ప్రకటించారు. చివర్లో క్రీ.పూ. 27లో సెనేట్ ఇచ్చిన ఆగస్టస్, అంటే పూజ్యుడు. ఇంపరేటర్ సీజర్, దేవుడి కొడుకు, ఆగస్టస్. పాత చట్రం అలాగే ఉంది, లోపల మామూలు మనిషి పేరు ఒక్కటీ లేదు.

మన గోడ క్యాలెండర్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. జులై వంశం పేరు, ఆగస్టు బిరుదు.

చక్రవర్తుల కాలంలో కాగ్నోమెన్‌దే పైచేయి అయింది. వెస్పాసియన్ చక్రవర్తి పూర్తి పేరు టైటస్ ఫ్లావియస్ వెస్పాసియానస్. తండ్రి టైటస్ ఫ్లావియస్ సబైనస్. అన్న కూడా టైటస్ ఫ్లావియస్ సబైనసే. కొడుకులిద్దరూ మళ్ళీ టైటస్ ఫ్లావియస్‌లు. ఇంట్లో మగవాళ్ళందరూ టైటస్‌లే అయితే ముందు పేరు దేనికి? కాబట్టి తేడా చూపే పని కాగ్నోమెన్ మీద పడింది. దాని కోసం తల్లి వైపు పేర్లు తెచ్చారు. వెస్పాసియానస్ అన్నది తల్లి వెస్పాసియా నుంచి, చిన్న కొడుకు డొమీషియానస్ పేరు తల్లి డొమిటిల్లా నుంచి. స్త్రీలకు సొంత పేరు ఇవ్వని సమాజం చివరికి మగపిల్లల్ని విడివిడిగా గుర్తుపట్టడానికి తల్లుల పేర్లనే ఆశ్రయించింది.

పెద్ద కుటుంబాలు పూర్వీకుల పేర్లన్నీ పోగేసుకోవడం మొదలుపెట్టాయి. క్రీ.శ. 169లో కాన్సుల్‌గా ఉన్న ఒకాయన పేరులో 38 ముక్కలున్నాయి. ఇంకో వైపు క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులైన ప్రజలందరికీ, దాదాపు మినహాయింపు లేకుండా, పౌరసత్వం ఇచ్చాడు. ఆయన అధికారిక పేరులో ఆరేలియస్ ఉంది. కొత్త పౌరులంతా పద్ధతి ప్రకారం అదే తీసుకున్నారు. తర్వాతి కాలపు ఈజిప్టు పత్రాల్లో ఎటు చూసినా ఆరేలియస్‌లే. అందరిదీ ఒకటే వంశం పేరైతే అది ఇక ఎవరినీ గుర్తుపట్టించదు. ముందు పేరు అప్పటికే చచ్చుబడింది, నోమెన్ అరిగిపోయింది, మిగిలింది కాగ్నోమెన్ ఒక్కటే.

ఇందులో అసలు పేరు ఏది అన్న ప్రశ్న ఆ కాలంలోనే ఉంది. మూడో పేరే అసలు పేరని కొందరు వాదించారు. అలాగైతే రెండు పేర్లే ఉన్న మేరియస్‌కు పేరే లేనట్టా అని గ్రీకు తత్వవేత్త పొసిడోనియస్ అడిగాడు. ఆయన దృష్టిలో ముందు పేరే అసలు పేరు. ఈ వాదన ఉటంకించిన ప్లూటార్క్, ముందు పేరే అసలు పేరైతే రోమన్ స్త్రీలెవరికీ పేరు లేనట్టే కదా అని ఎదురు ప్రశ్న వేశాడు. రెండు వేల ఏళ్ళ కిందటి తెలివైనవాళ్ళే తేల్చుకోలేదంటే, తప్పు ప్రశ్నలోనే ఉందన్నమాట. ఇంట్లో పిలవడానికి ఒకటి, ఓటు జాబితాకు ఒకటి, వీధిలో గుర్తుపట్టడానికి ఒకటి.

రోమన్ నాణేలు మన ప్రాంతంలోనూ దొరికాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో బయటపడ్డ వెండి నాణేల్లో ఆగస్టస్‌వి, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌వి ఉన్నాయి. సముద్రం దాటి భారతదేశానికి వచ్చిన టైబీరియస్ వెండి నాణేల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రకం మీద, రాజు తల చుట్టూ, కుదించి చెక్కిన కొన్ని అక్షరాలుంటాయి: టిఐ, సీజర్, డివి, ఆగ్, ఎఫ్, ఆగస్టస్. ఇప్పుడు చదవొచ్చు. టిఐ అంటే టైబీరియస్, పుట్టినప్పటి ముందు పేరు, అదొక్కటే సొంతం. సీజర్, దత్తతతో వచ్చిన శాఖ పేరు. డివి ఆగ్ ఎఫ్, దేవుడైన ఆగస్టస్ కొడుకు. ఆగస్టస్, తండ్రి నుంచి వచ్చిన బిరుదు. పుట్టినప్పుడు ఆయన టైబీరియస్ క్లాడియస్ నీరో. ఆ క్లాడియస్, ఆ నీరో నాణెం మీద ఎక్కడా లేవు.